ఇప్పలగూడెంలో నిలబడ్డ దుమ్ము

పొద్దున లేవగానే సర్వరీ బేగం చేసే మొదటి పని గుమ్మంలోకొచ్చి దుమ్ము ఉందో లేదో చూసుకోవడం. ఆ తర్వాతే చాయ్. కొడుకు అజారుద్దీన్ కోయంబత్తూరు పోయి మూడు నెలలైంది. వాడెక్కిన జీపు లేపిన దుమ్ము వాకిలి నుంచి ఊరి చివరి కల్వర్టు దాకా మనిషెత్తున అలాగే నిలబడి ఉంది. ఎండ పడితే ఎర్రగా, పొద్దుగూకితే బూడిదరంగుగా కనపడేది. ఆమె దానివైపు ఒక్కసారి చూసి, "ఉన్నడు" అనుకుని లోపలికెళ్ళి పొయ్యి ముట్టించేది.

మనిషి గడప దాటగానే ఇల్లు ఊడ్వకూడదని అన్ని ఊళ్ళలోనూ అంటారు. మణుగూరు నుంచి పినపాక పోయే అడవి దారిలో ఉన్న ఈ ఇప్పలగూడెంలో ఆ పట్టింపు ఇంకో మెట్టు పైన ఉంటుంది. బండెక్కి పోయిన ఊరివాడు తిరిగొచ్చి తన ఇంట్లో కాలు పెట్టిందాకా వాడి దుమ్ము కిందికి దిగదు. దిగిందాకా వాకిలి ఊడ్వరు. మనిషి రాగానే దుమ్ము మెల్లగా నేలకు దిగుతుంది, ఇంటి ఆడమనిషి చీపురుతో ఊడ్చి చెట్టు మొదట్లో పోస్తుంది. పోయినచోట ఆ మనిషి కన్నుమూస్తే అదే గడియకు దుమ్ము పొడిపొడిగా రాలిపోతుంది, ఫోను రాకముందే ఇంట్లో ఏడుపులు మొదలవుతాయి. ఇందులో వింతేమీ లేదు. వింతల్లా ఎలక్షన్లొచ్చినప్పుడల్లా ఆ నాలుగు కిలోమీటర్లకు తారు పోయిస్తామన్నవాళ్ళు ఇంతవరకూ పోయించకపోవడమే.

కాకపోతే ఒక్క జాగ్రత్త పడాలి. ఆ దుమ్ము తడవకూడదు. తడిస్తే దారి ఆ మనిషిని మరిచిపోతుంది. అందుకే ఇక్కడి జనం వానాకాలంలో ఊరు దాటాల్సి వస్తే నడిచిపోతారు, నడిచేవాళ్ళకు ఈ తిప్పలు లేవు. మిరపకాయ ఏరే రోజుల్లో అకాలంగా మబ్బు పట్టిందంటే మాత్రం ఊరంతా టార్పాలిన్లు, తాటాకు చాపలు పట్టుకుని రోడ్డు మీదికి ఉరుకుతుంది. ఎవరి దుమ్ము మీద వాళ్ళు గొడుగు పట్టినట్టు పట్టుకుని, వాన వెలిసిందాకా చేతులు గుంజుతున్నా దించరు.

పక్కింటి ముత్తక్క పదిహేడేళ్ళ కింద ఆ చేతులు దించేసింది. ఆమె పెనిమిటి శివ ట్రాలీ ఎక్కి ఏన్కూరు మిర్చి తోటలకు కూలికి పోయిన రెండో రోజు రాళ్ళవాన పడింది. చంకలో పసిపిల్ల, చేతిలో చిరిగిన చాప. ఎంతసేపని పట్టుకుంటుంది? ఆ రోజు నుంచి ఈ రోజు దాకా పొద్దుగూకే వేళకు శివ దగ్గర్నుంచి ఫోను వస్తూనే ఉంది. మొదట్లో కిరాణా కొట్టు ఫోనుకు వచ్చేది, ఇప్పుడు సెల్లుకు వస్తుంది. "వస్తున్ననే. పది నిమిషాల్ల ఇంట్ల ఉంట" అంటాడు. నడిచి రమ్మంటే నడిచీ చూశాడు. దారి దొరకలేదు. ముత్తక్క మూడుసార్లు ఏన్కూరు పోయింది. ఎక్కడ అడిగినా, "ఇప్పుడే ఇంటికని బయల్దేరిండు గదమ్మా" అన్నవాళ్ళే. పసిపిల్ల పెద్దదై కాలేజీకి పోతోంది. పొద్దుగూకగానే ముత్తక్క ఇంకా రెండు గిద్దెల బియ్యం ఎక్కువే పోస్తుంది.

సర్వరీ పెనిమిటి అహ్మద్ పాషాది నీళ్ళ ట్యాంకర్. తాత బండి చక్రాలు చేయడానికి ఈ ఊరొచ్చి ఇక్కడే ఉండిపోయాడు. మనవడు చక్రాలు వదిలి నీళ్ళు పట్టుకున్నాడు. ఎండాకాలం కాలనీలకు నీళ్ళు తోలుతాడు, మిగతా రోజుల్లో బొగ్గు లారీలు తిరిగే రోడ్ల మీద దుమ్ము అణగడానికి నీళ్ళు కొడతాడు. ఊరూరా దుమ్ము అణిచే మనిషే గానీ, ఇప్పలగూడెం కల్వర్టు రాగానే బండి ఆపి దిగి వెనక వాల్వు కట్టి ఉందో లేదో రెండుసార్లు తిప్పి చూసుకుంటాడు. ముప్పై ఏళ్ళలో ఒక్క చుక్క జారనివ్వలేదని పేరు.

ఆ ఫిబ్రవరిలో కార్ల రేసు వచ్చిపడింది.

పెట్టింది హైదరాబాదు నుంచి వచ్చిన ఒక కంపెనీ. మణుగూరు, పినపాక చుట్టూ ముప్పై ఆరు కిలోమీటర్ల చుట్టు గీసుకున్నారు. ముప్పై రెండు కిలోమీటర్లు నున్నటి తారు, మిగిలిన నాలుగూ ఇప్పలగూడెం ఎర్రమన్ను. కంకర పోసి రోలర్ తొక్కించి చేతులు దులుపుకున్నారు. వచ్చిన కార్లేమో నేలకు జానెడెత్తున ఉంటాయి. వాటిని చూసి ముత్తక్క, "పాపం, కాళ్ళిరిగినయా ఏంది?" అనడిగింది.

రేసుకు మూడు రోజుల ముందు అజారుద్దీన్ ఇంటికొచ్చాడు. గడపలో కాలు పెట్టగానే వెనక దుమ్ము దిగింది. సర్వరీ చీపురు పట్టుకుని ఊడుస్తూ ఊడుస్తూ కళ్ళు తుడుచుకుంది. బొగ్గు టిప్పర్ మీద మొదలైనవాడు, కోయంబత్తూరులో రేసు కార్ల షెడ్డులో మెకానిక్కై, చిన్న రేసులు తోలి, ఇప్పుడు ఒక జట్టుకు మూడో డ్రైవరయ్యాడు. ఈ రేసులో మొదటి మూడు స్థానాల్లో ఒకటొస్తే జట్టులో పక్కా సీటు ఇస్తామన్నారట. రాకపోతే మళ్ళీ షెడ్డులో స్పానర్ పట్టుకోవాల్సిందే.

"ఒక్క కారు, ముగ్గురు డ్రైవర్లు అమ్మీ" అని చెప్పాడు అన్నం తింటూ. "పొద్దుగాల ఆరింటికి మొదలైతది, సాయంత్రం ఆరింటికి బంద్. పన్నెండు గంటల్ల ఎవరి కారు ఎక్కువ దూరం ఉరికితే వాళ్ళు గెల్చినట్టు."

"పన్నెండు గంటలు ఉరికి ఏడికి పోతరు?"

"ఏడికీ పోం. మొదలైన కాడికే వస్తం."

"గా మాత్రం దానికి గంత పెట్రోలు తగలేసుడెందుకు బేటా?" అంది సర్వరీ. పాషా నవ్వాడు. కొడుకూ నవ్వాడు. ముగ్గురూ కలిసి నవ్వింది అదే ఆఖరిసారని అప్పుడెవరికి తెలుసు.

రేసు ముందు రోజు మధ్యాహ్నం అజారుద్దీన్ జట్టు జీపెక్కి మణుగూరు పోయాడు. అక్కడి మైదానంలోనే డేరాలు వేశారు. కార్లకు పెట్రోలు పోసేదీ, టైర్లు మార్చేదీ, డ్రైవర్లు మారేదీ అక్కడే. దాన్ని పిట్ అంటారు. వాడి జీపు వెనక దుమ్ము లేచి నిలబడింది. సర్వరీ చీపురు తలుపు వెనక పెట్టేసింది.

తెల్లారి ఆరింటికి అడవంతా మోగిపోయింది. కొమ్మల మీది కోతులు పిల్లల్ని పొట్టకు కరిపించుకుని లోపలికి పారిపోయాయి. పద్నాలుగు కార్లు ఒకదాని వెనక ఒకటి ఊరి మధ్యనుంచి దూసుకుపోయాయి. జనం నోరెళ్ళబెట్టి చూశారు. పట్నపు డ్రైవర్లు లేపిన దుమ్ము మామూలు దుమ్ములాగే రెండు నిమిషాల్లో దిగిపోయింది. వాళ్ళ ఇళ్ళు ఇక్కడ లేవు, వాళ్ళ గొడవ ఈ దారికి పట్టదు. ఎనిమిదింటికి అజారుద్దీన్ స్టీరింగ్ పట్టుకున్నాడు. ఇరవై నిమిషాలకోసారి ఇంటి ముందు నుంచే పోతున్నాడు గానీ ఇంట్లో కాలు పెట్టడం లేదు కదా. చుట్టు చుట్టుకూ దుమ్ము లేస్తోంది, లేచింది లేచినట్టే నిలుస్తోంది. పదింటికి వాడు దిగి ఇంకొకడు ఎక్కేసరికి ఊరి మధ్య తాటిచెట్టంత ఎత్తున ఎర్రటి గోడ కట్టినట్టుంది.

పన్నెండింటికి ఒక కారు ఆ గోడలో దారి తప్పి పగిడయ్య మిర్చి కల్లంలోకి దూరింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు గానీ కాయలన్నీ చితికి, ఘాటుకు ఊరంతా తుమ్ములూ దగ్గులూ. కల్లం మధ్యలో నిలబడి పగిడయ్య, కారునీ కంపెనీనీ వాళ్ళ ఏడు తరాలనీ కలిపి తిట్టాడు.

జీపు వేసుకుని రవీందర్ వచ్చాడు. రేసు భద్రత చూసుకునే ఆఫీసరతను, ఏన్కూరు మనిషే. ఇప్పలగూడెం సంగతి తెలియనివాడేం కాదు. నీళ్ళ కాంట్రాక్టు పాషాకు ఇప్పించింది కూడా అతనే.

"పాషా భాయ్, నీళ్ళు కొట్టాలె. వేరే దారి లేదు" అన్నాడు తల గోక్కుంటూ.

"నా కొడుకు దుమ్ము సార్ అది."

"తెలుసు. తెల్వక చెప్తలేను."

"వాన్ని ఒక్క నిమిషం ఇంటికి తోల్కరాండ్రి. ఇప్పుడు ఖాళీగనే ఉండె గద. గడపల గిట్ల కాలు పెట్టి గట్ల పోనీ. దుమ్ము అదే దిగుతది."

అది న్యాయమైన మాటే. రవీందర్ పిట్‌కు ఫోను కొట్టాడు. డ్రైవర్ పిట్ దాటి బయటికి పోతే జట్టు మొత్తం రేసు నుంచి అవుట్ అని రూలట. అక్కడ ఫోను అజారుద్దీన్ చేతికిచ్చారు, ఇక్కడ రవీందర్ తనది పాషాకిచ్చాడు.

"అబ్బాజాన్, నాలుగో ప్లేసుల ఉన్నం. మూడింటి నుంచి ఆఖరి దాకా నేనే తోలేది. ఆ దుమ్ముల అందరూ స్లో చేస్తుండ్రు, నేనొక్కన్నే చేస్తలేను. కండ్లు మూసుకున్నా నాకా దారి తెలుసు గద. ఆరు కొట్టంగనే వస్తా. గంతలోపల నీళ్ళు కొట్టనియ్యకు."

"కొట్టనియ్య బేటా" అన్నాడు పాషా.

రవీందర్ ఒక జెండా మనిషిని కల్వర్టు దగ్గర, ఇంకొకణ్ణి ఊరి అవతల పెట్టి, ఏ దేవుడికి మొక్కుకున్నాడో మొక్కుకుని పోయాడు. పాషా ట్యాంకర్‌ని ఇంటి ముందు అడ్డంగా నిలిపి దాని మెట్టు మీదే కూర్చున్నాడు. తనది కాకుండా ఇంకే ట్యాంకరొచ్చినా ఊళ్ళోకి రానిచ్చేది లేదని ఆయన పట్టు. మధ్యాహ్నం అన్నానికి కూడా లేవలేదు.

మూడింటికి అజారుద్దీన్ మళ్ళీ ఎక్కాడు. పోయిన ప్రతిసారీ గోడ ఇంకా చిక్కబడింది. కొడుకు దగ్గు ఎంత దూరం నుంచైనా తల్లిదండ్రులకు తెలిసినట్టు, ఆ కారు చప్పుడు కూడా పాషాకు తెలిసిపోయింది. అయిదుంపావుకు పోయినప్పుడు మూడో స్థానంలో ఉన్నాడని పగిడయ్య ఫోనులో చూసి చెప్పాడు. తిట్లన్నీ మరిచిపోయి, "మన పోరడే, మన పోరడే" అని ఎగురుతున్నాడు పగిడయ్య.

అయిదున్నర దాటింది. ఎండ ఏటవాలుగా వచ్చి దుమ్ములో పడి కళ్ళకు మంట మండినట్టు కొడుతోంది. ఒక కారు దుమ్ములోకి పోయింది. కంకర రాయి దేనికో ఠంగుమని తగిలిన చప్పుడు, ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. లోపలనుంచి ఒక ఆడమనిషి కేక వినపడింది. పాషా, పగిడయ్య దుమ్ములోకి ఉరికారు. కారు సరిగ్గా రోడ్డు నడిమధ్యన ఆగి ఉంది. డ్రైవర్ పేరు ఉదయశ్రీ, తర్వాత తెలిసింది. సీటు బెల్టు బిగుసుకుపోయి ఊడి రావడం లేదు. పగిడయ్య కొడవలితో కోయడం మొదలుపెట్టాడు. అయిదు పట్టీలు. ఒక్కటి తెగడానికే చాలాసేపు పట్టింది.

అప్పుడే దూరాన కల్వర్టు అవతల ఆ చప్పుడు వినపడింది.

జెండా ఊపినా వాడికి కనపడదు. కొండల మధ్య రేడియో అందదు. వేరేవాడైతే దుమ్ము చూసి నెమ్మదిస్తాడు, వీడు నెమ్మదించడు. దారి తెలిసినవాడు. నడిమధ్యన కారు ఉంటుందని తెలియనివాడు.

పాషా ట్యాంకర్ దగ్గరికి ఉరికాడు. మోటరు పైపు భుజానికెత్తుకున్నాడు. వాల్వు మీద చెయ్యి పెట్టి ఒక్క క్షణం ఆగాడు. ఆ ఒక్క క్షణంలో ఆయనకు ముత్తక్క అన్నం గిన్నె కళ్ళముందు కనపడింది. బతికి ఇంటికి రాని కొడుకు, ఇంటి ముందే చచ్చే కొడుకు. ఆ రెంటిలో ఏదో ఒకటి ఏరుకోమని ఏ తండ్రినీ ఎవరూ అడగకూడదు. ఆయన్ని అడిగారు. ఆయన వాల్వు తిప్పాడు.

నీళ్ళు పైకి చిమ్మాయి. దుమ్ము ఎర్రటి చినుకులై రోడ్డు మీద, కారు మీద, పగిడయ్య వీపు మీద రాలింది. ముప్పై ఏళ్ళు ఒక్క చుక్క జారనివ్వని మనిషి ట్యాంకు సగం ఖాళీ చేసేశాడు. దారి తేటపడింది. అజారుద్దీన్ కారు కల్వర్టు దాటి వచ్చింది, ఆగిన కారును చూసింది, జానెడు సందులోంచి పక్కకు కోసుకుని పోయింది. పోతూ పోతూ వాడు కిటికీ వెనకనుంచి తండ్రికి చెయ్యెత్తాడు.

లోపల మసాలా నూరుతున్న సర్వరీకి ఇల్లంతా ఉన్నట్టుండి వెలుతురొచ్చినట్టనిపించింది. దుమ్ము దిగింది! కొడుకొచ్చాడనుకుని తలుపు వెనక చీపురు తీసుకుని బయటికి ఉరికింది. వాకిట్లో కొడుకు లేడు.  వంగి నేల మీద చెయ్యి పెట్టింది. పొడిగా ఉంటే గుండెలు బాదుకోవాలి. పొడిగా లేదు. వేళ్ళకు బురద అంటింది. తల ఎత్తి చూస్తే పెనిమిటి భుజం మీద నీళ్ళు కారుతున్న పైపు.

"నువ్వేనా?" అంది.

"నేనే" అన్నాడు.

 ఆమె చీపురు అక్కడే జారవిడిచి గడప మీద కూర్చుంది.

ఆరు కొట్టింది, రేసు అయిపోయింది. అజారుద్దీన్ జట్టు మూడోది వచ్చింది. ఊళ్ళో ఎవరూ చప్పట్లు కొట్టలేదు. దీపాలు పెట్టే వేళకు వాకిట్లో ఒక జీపు ఆగితే ఇద్దరూ దిగ్గున లేచారు. దిగింది ఉదయశ్రీ, చేతిలో మిఠాయి డబ్బాతో.

"అంకుల్, మీరు లేకపోతే నేను ఈపాటికి లేను" అంటూ పాషా కాళ్ళకు దండం పెట్టబోయింది. చుట్టూ చూసింది. "అజార్ ఇంకా రాలేదా? నాకన్నా ముందే బయల్దేరాడే. కప్పు వాళ్ళ అమ్మీకి చూపించాలని బండి తోలిన తీరు చూస్తే నాకే భయమేసింది. దారిలో కూడా ఎక్కడా కనపడలేదు మరి."

 పాషా జేబులో ఫోను మోగింది.

"అబ్బాజాన్, థర్డ్ వచ్చినం! సీటు పక్కా!" అజారుద్దీన్ గొంతు సంతోషంతో పగిలిపోతోంది. "అమ్మీకి చెప్పు. వస్తున్నా. పది నిమిషాల్ల ఇంట్ల ఉంటా."

గోడ అవతల ముత్తక్క ఫోను కూడా అప్పుడే మోగింది.

ఆ తర్వాత రోజూ అంతే. ఒకరోజు ఏన్కూరు దగ్గరున్నానంటాడు, ఒకరోజు పినపాక బోర్డు కనపడుతోందంటాడు. ఏ రోజైనా ఇంటికి పది నిమిషాల దూరమే. వాడి గొంతులో అలుపు లేదు, అనుమానం లేదు. ఆ లేకపోవడమే పాషాను చంపేది. పక్కా సీటు ఇచ్చిన జట్టువాళ్ళు రెండుసార్లు ఫోను చేశారు. ఒకసారి ఇంటికి పోయొచ్చి చేరతానన్నాడట, ఇంకా రాలేదేమని. "ఇంకా ఇల్లు చేరలేదు సార్" అని పాషా చెప్పాడు. వారం చూసి ఆ సీటు ఇంకొకడికిచ్చారు. ఆ మాట అజారుద్దీన్‌కు చెప్పే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేకపోయింది.

పాషా పనికి పోవడం మానేశాడు. ట్యాంకర్ టైర్ల కింద గడ్డి మొలిచింది. ఎవరూ ఆయన్ని తప్పు పట్టలేదు. తప్పు పట్టినా కొంచెం బాగుండేదేమో. "బతికున్నడు గద పాషన్నా" అని ముత్తక్క ధైర్యం చెప్పబోయి, ఆ మాటకు తానే ఏడ్చేసింది.

పన్నెండో రోజు పొద్దున సర్వరీ చాయ్ గ్లాసు పెనిమిటి ముందు పెట్టి ఎదురుగా కూర్చుంది.

"అజీ, నేనొక్కటంటా, కోపం చెయ్యకు. వాడొక్కడే తిరుగుతుండు రోడ్డు మీద."

"అవ్."

"దారి మర్చిపోయినోళ్ళకు దారి మర్చిపోయినోళ్ళు కానొస్తరేమో. శివ కోసం ముత్తక్క గూడ తన దుమ్ము తడుపుకొని పోదామనుకున్నదంట. సంకల పిల్ల ఉండెనని పోలే. మనకట్ల సంకల పిల్ల లేదు."

పాషాకు అర్థమైంది. చాయ్ గ్లాసు పక్కకు జరిపాడు.

"నువ్వు ఒంటిగ ఎట్ల ఉంటవ్?"

"ముత్తక్క ఎట్లుంటుందో గట్ల. ఇద్దరయితే మీరు మాట్లాడుకుంటరు గద. వానికి ఆకలైతే అడగనీకైన ఒక మనిషుంటడు. పో. నేను ఆపితే నువ్వు ఆగుతవ్. అందుకే ముందుగాల నేనే చెప్తున్న."

బోరు దగ్గర ట్యాంకు నింపింది ఆమే. ఆరు రొట్టెలు బట్టలో చుట్టి సీటు మీద పెట్టింది. మూడు నీకు, మూడు వానికి అంది. వెనక వాల్వు తిప్పింది కూడా ఆమే. బండి కదిలింది. చక్రాల వెనక సన్నటి జల్లు పడుతుంటే దుమ్ము లేవనే లేదు. పాషా అద్దంలో చూశాడు. గుమ్మంలో సర్వరీ, గోడ పక్కన ముత్తక్క. వాళ్ళకూ తనకూ మధ్య తడిసిన రోడ్డు తప్ప ఏమీ నిలబడి లేదు. కల్వర్టు దగ్గర అలవాటు కొద్దీ కాలు బ్రేకు మీదికి పోయింది. ఆపకుండా దాటేశాడు.

రోజంతా తోలాడు. మణుగూరు, పినపాక, మళ్ళీ మణుగూరు. ప్రతి చాయ్ కొట్టు దగ్గరా అడిగాడు. "ఇప్పుడే పోయిండు భాయ్, ఇంటికని" అన్నారు. ఒకచోట మలుపు అవతల గట్టిగా ఇంజను చప్పుడు వినపడింది. బండి ఉరికించాడు. బొగ్గు లారీ అది. సీటు మీద రొట్టెలు ఎండిపోతున్నాయి. తన మూడూ తినేశాడు, కొడుకు మూడూ ముట్టలేదు.

పొద్దుగూకే వేళకు కల్వర్టు కనపడింది. అదే కల్వర్టు, పక్కనే పగిడయ్య కల్లం. దాని వెనక ఇల్లే. ప్రాణం లేచొచ్చింది. ఒక్కసారి ఇంటికి పోయి సర్వరీకి ముఖం చూపించి మళ్ళీ బయల్దేరుదామనుకున్నాడు. కల్వర్టు దాటాడు. ముందు, ఎక్కడో దూరాన ఉండాల్సిన ఏన్కూరు బస్టాండు ఉంది.

పాషా బండి పక్కకు ఆపి, దిగి బస్టాండు బోర్డు చదువుకున్నాడు. మళ్ళీ తిప్పాడు. పినపాక బోర్డు కనపడింది. ఇంకెంత దూరం, ఇదిగో, ఈ అడవి దాటితే చాలు. ఫోను మోగింది. సర్వరీ.

"దొరికిండా?" అని అడిగింది.

దొరకలేదని చెబుదామనే పాషా నోరు తెరిచాడు. కానీ బోర్డు కళ్ళెదుటే ఉంది, దారి తనకు తెలిసిన దారే, అబద్ధం చెప్పాల్సిన పనేముంది?

"వస్తున్న సర్వరీ" అన్నాడు. "పది నిమిషాల్ల ఇంట్ల ఉంట."